పద్దెనిమిది అంగుళాల సందు

“అయితే నువ్వు రావు.”

పీరమ్మ ఆ మాట గట్టిగా అనలేదు. గట్టిగా అనుంటే మదార్ సాహెబు ప్రాణం కాస్త కుదుటపడేది. అరిచే పెళ్ళానికి ఏం చెప్పుకోవాలో ఆయనకు బాగానే అలవాటు. ఇలా నెమ్మదిగా అడిగితేనే దిక్కు తోచదు.

మంచం మీద పెట్టె తెరిచి ఉంది. బిడ్డ కాన్పుకు పోయే తల్లి సర్దుకునేవన్నీ అందులో ఉన్నాయి. మెత్తటి పాత చీరలు మడతలేసి కుట్టిన చిన్న బొంత, వాము పొట్లం, సాంబ్రాణి, బాలింతకు పెట్టే కారం సీసా. వాటి మీద ఆయన చొక్కాలు రెండు, లుంగీ. నిన్న ఆమే ఇస్త్రీ చేసి పెట్టింది. ఇప్పుడు ఆమే ఒక్కొక్కటీ తీసి మంచం మీద పెడుతోంది. విసిరికొట్టడం లేదు. మడత చెడకుండా పెడుతోంది.

“అది కాదు మ్మే...”

“ఏది కాదు?”

మదార్ సాహెబు ఒక చొక్కా తీసి మళ్ళీ పెట్టెలో పెట్టాడు. ఆమె దాన్ని మళ్ళీ తీసింది.

తంటా అంతా అల్లుడి ఫోనుతో వచ్చింది. విశాఖపట్నం నుంచి ఫారూఖ్ మామకు ఫోను చేస్తే, మామ స్నానానికి పోయాడని అత్త ఎత్తింది. “అత్తా, విమానం లోపల కూచున్నాక రెండు సీట్ల నడుమ చేతిపిడి ఉంటాది, దాన్ని పైకెత్తేయండి. రెండు సీట్లూ మీవే. ఎవురొచ్చి అడిగినా లేయొద్దు” అని పాపం మంచికే చెప్పాడు. “రెండోది మీ మామది గదా నాయనా?” అని పీరమ్మ అడిగింది. “మామ మీకు చెప్పల్యా?” అన్నాడు అల్లుడు.

రెండు సీట్లూ ఆమెకేననీ, తనకు మూడోది దొరకలేదనీ మామ చెప్పలేదు. చెప్పకపోగా, మనిద్దరం పోతాండామని ఒక ముచ్చటైన అబద్ధం చెప్పి దినాలు నెట్టుకొచ్చాడు. ఓర్వకల్లు విమానాశ్రయం దాకా పోయాక ఏదో ఒక సాకు చూపించి, ఆమెను లోపలికి పంపించి వెనక్కి రావాలని ఆయన ఉపాయం. ఉపాయం కూడానా అది!

“వీధి వీధంతా చెప్పుకుంటిని, మా ఆయనా నేనూ ఇమానంలో పోతాండామని” అంది పీరమ్మ. “కిటికీ పక్కన ఎవురు కూచోవాలని మొన్న కొట్లాడుకుంటిమి. నువ్వే కూచో, నాకి కండ్లు తిరుగుతాయి అంటివి. అది కూడా అబద్ధమేనా?”

“చెప్తే నువ్వు పోవని...”

“ఏం చెప్తే?”

ఆయన గోడ వైపు చూశాడు.

“నోరు తెరిచి చెప్పు. ఏం చెప్తే పోను?”

“ఒక సీటు నీకు... ఇరుకైతాదని.”

ఆఖరి చొక్కా కూడా మంచం మీదికి వచ్చింది. పీరమ్మ పెట్టె మూత వేసి, దాని మీద చెయ్యి పెట్టి నిలబడింది. మనిషి భారీ మనిషి. నడిస్తే వాకిలి నిండుగా ఉంటుంది, నవ్వితే ఇల్లు నిండుగా ఉంటుంది. ఇవాళ ఆ నవ్వు లేక ఇల్లు బోసిపోయింది.

“వేంపల్లె బస్సు గుర్తుండాదా నీకి?” అంది.

ఎప్పటికో ఒకప్పటికి ఆ మాట వస్తుందని మదార్ సాహెబుకు తెలుసు. ఏళ్ళ కిందట వేంపల్లెలో పెళ్ళికి పోయి తిరిగి వస్తున్నారు. బస్సులో ఒకటే తొక్కిడి. ఆమె ముందు తలుపులోంచి ఎక్కింది, ఆయన వెనక తలుపులోంచి. కండక్టరు పీరమ్మ సీటు దగ్గర ఆగి, “ఏమ్మా, నీకు రెండు టికెట్లు కొట్టాల్నా ఏంది?” అన్నాడు. బస్సంతా గొల్లుమంది. రెండు వరసల వెనక కూర్చున్న మదార్ సాహెబు కూడా నవ్వాడు. పీరమ్మ వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. అంతే. ఆ తర్వాత ఆమె బస్సెక్కలేదు, రైలెక్కలేదు. కర్నూలు ఆసుపత్రికైనా, ఒంటిమిట్ట దగ్గర చుట్టాలింటికైనా తమ ఫ్యాక్టరీ బండల లారీలో డ్రైవరు పక్కన కూర్చునే పోయింది. ఎందుకు నవ్వావని మాత్రం అడగలేదు. ఆయనా చెప్పలేదు.

“ఆ పొద్దు రెండు టికెట్లని బస్సంతా ఊరికే నవ్వింది” అంది పీరమ్మ. “ఈ పొద్దు నువ్వు దుడ్లు కట్టి మరీ నిజం చేసినావు.”

ఆ దెబ్బకు ఆయన మంచం అంచున కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడే, తగుదునమ్మా అని దస్తగిరమ్మ లోపలికి వచ్చింది.

దస్తగిరమ్మ మదార్ సాహెబుకు అక్క. మొగుడు పోయినప్పటి నుంచీ తమ్ముడింట్లోనే ఉంటోంది. ఎండు కట్టెలాంటి మనిషి. తలుపు చాటున నిలబడి అంతా విన్నదని ఆమె చంకలో అప్పటికే సర్దుకున్న సంచి చెబుతోంది.

“నువ్వు పోవంట గదా మదారూ? అయితే ఆ సీట్లో నేను పోతా” అంది.

“అక్కా, ఇప్పుడు నువ్వు...”

“ఏం? టికెట్టు కొన్న సీటు ఖాళీగా పోతాదా? షాహీన్ నా చేతుల మీద పెరగల్యా? రెండు తూర్లు కడుపు నిలవక ఆ పిల్ల ఏడిస్తే నేనూ ఏడ్చినా. ఇంత మనిషిని, ఓ మూలకు సర్దుకోని కూచుంటా.”

బస్సు కిటికీలోంచి తువ్వాలేసి ఆపుకున్న సీటు మనకు నచ్చినవాళ్ళకు ఇచ్చుకోవచ్చు. దస్తగిరమ్మ లెక్కలో విమానం అంతకంటే గొప్పదేమీ కాదు.

“అట్ల కుదరదక్కా. రెండు సీట్లకీ పీరమ్మ పేరే ఉండాది. ఇంకొకరు కూచోను లేదు.”

“ఖాళీ సీటుని కూచోబెట్టుకోని తీసకపోతారా? అదేం పద్ధతప్పా! అయినా దానికి రెండెందుకు? లావంటే లావే గానీ, మరీ అంత...”

“వదినా.”

పీరమ్మ ఒక్క మాటే అంది. దస్తగిరమ్మ నోరు మూసుకుంది, కానీ సంచి దించలేదు.

“ఎవురూ కొట్లాడొద్దు” అంది పీరమ్మ. “నాకి ఒక్క సీటు చాలు. అందరి మాదిరే.”

ఆమె మొగుడి ఫోను తీసి అల్లుడికి కలిపింది. అవతలి గొంతు ముగ్గురికీ వినపడేలా పెట్టింది.

“నాయనా ఫారూఖూ, ఆ రెండో సీటు తీసెయ్.”

“వద్దత్తా!” ఫారూఖ్ గాబరాపడ్డాడు. “చిన్న విమానం అది. ఈ పక్క రెండు, ఆ పక్క రెండు సీట్లు. బెల్టు చాలకపోతే అతుకు ముక్క ఇస్తారు, దాంతో బాధ లేదు. చేతిపిడి కిందికి దిగకపోతేనే తంటా. పక్క సీటు కూడా కొనమంటారు. సీట్లు నిండిపోయి ఉంటే దించేస్తారు. రేపు పొద్దున్నే ఆపరేషన్ అత్తా. అమ్మ వస్తేనే ఆ గదిలోకి పోతానని షాహీన్ కూచోనుండాది. మిమ్మల్ని దించేస్తే నేను దానికి ఏం చెప్పాల?”

“నేను పట్టనని నీకెవురు చెప్పినారు? వచ్చి కొలిసినావా?”

“అది...” అని ఫారూఖ్ నసిగాడు.

“నిన్నే నాయనా.”

“షాహీనే చెప్పిందత్తా. మీ కొలత.”

పీరమ్మ ముఖంలో రక్తం లేకుండా పోయింది. మదార్ సాహెబు చూడలేక తల దించుకున్నాడు.

షాహీన్ పదో తరగతిలో ఉన్నప్పటి నుంచీ తల్లి రవికెలూ లంగాలూ తనే కుట్టేది. దర్జీ కొలత తీసి, అవతల రాసుకునేవాడికి వినపడేలా అరుస్తాడని పీరమ్మ ఆ అంగడి మెట్టెక్కేది కాదు. తల్లీ కూతుళ్ళు గది గడియ వేసుకుని టేపు చుట్టుకునేవాళ్ళు. ఎంతే అని తల్లి అడిగితే, “చెప్పను పో, అది నాకు తెలుసు, అల్లాకు తెలుసు” అని షాహీన్ నవ్వేది. ఆ అంకె మదార్ సాహెబుకు కూడా తెలియదు. ఇప్పుడు అల్లుడికి తెలిసింది.

“ఆ సీటు ఎంత వెడల్పుంటాది?” పీరమ్మ గొంతు మారిపోయింది.

“పద్దెనిమిది అంగుళాలు ఉంటాదేమో అత్తా.”

“సరే. కొంచేపుండి చేస్తా.”

“తీసేయమంటే బిరీన చెప్పండత్తా. మళ్ళీ ఆ సీటు దొరకదు” అంటుండగానే ఆమె ఫోను ఆపేసింది.

తర్వాత మొగుడి వైపు తిరిగింది. “లెయ్. పద్దెనిమిది అంగుళాల సందు కట్టు.”

“ఏంది?”

“బండలు ఉండాయి గదా వెనకాల. రెండు దొంతులు పెట్టి, నడుమ పద్దెనిమిది అంగుళాలు ఇడువు. కూచోని చూస్తా. పట్టితే ఒక్క సీట్లో పోతా. పట్టకపోతే పోనే పోను.”

“పిచ్చా నీకి? బిడ్డ ఆడ నీ కోసరం...”

“ఆ బిడ్డే గదా చెప్పింది!” పీరమ్మ అప్పుడు అరిచింది. అరిచి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆయన లేచి వెనక వాకిలి వైపు నడిచాడు.

ఇంటి వెనకే మదార్ సాహెబు బండల పాలిష్ ఫ్యాక్టరీ. బేతంచెర్లలో ఇలాంటివి వీధికొకటి. ఆదివారం కాబట్టి మిషన్లు ఆగి ఉన్నాయి. బండలు అరగదీసిన తెల్లటి బురద ఎండిపోయి, నేలంతా పిండి చల్లినట్టు ఉంది. కూలీలు కూర్చుని అన్నం తినే పొడుగాటి రాతి అరుగు మీద మదార్ సాహెబు బండలు పేర్చడం మొదలుపెట్టాడు. ఒక దొంతి కట్టాడు. టేపు తీశాడు.

వాకిట్లో పీరమ్మ నిలబడి ఉంది. ఆమె వెనక దస్తగిరమ్మ, సంచితో సహా.

బండల కొలతలో ఒక్క నూలు తేడా వచ్చినా లారీని వెనక్కి తిప్పించే మనిషి మదార్ సాహెబు. అలాంటిది ఇవాళ పద్దెనిమిది దగ్గర గోరు పెట్టి ఆగాడు. ఆ సందులో ఆమె పట్టదు. అది చూడగానే తెలిసిపోతోంది. పట్టకపోతే ఆమె పోదు. ఆమె పోకపోతే అక్కడ బిడ్డ... ఆయన వాకిలికి వీపు అడ్డం పెట్టి, గోరు ఇరవై నాలుగు మీదికి జరిపాడు. రెండో దొంతి అక్కడ కట్టాడు. ముందు ఆమె ఈ గండం దాటితే చాలనుకున్నాడు. అంతవరకే ఆలోచించాడు మహానుభావుడు.

“పద్దెనిమిదేనా?” అంది పీరమ్మ దగ్గరికి వచ్చి.

“పద్దెనిమిదే.”

ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని, వెనక్కి తిరిగి, మెల్లగా రెండు దొంతుల నడుమ కూర్చుంది. పట్టింది. అటూ ఇటూ బండలు ఒంటికి ఆనుకున్నాయి గానీ, పట్టింది.

“ఓయబ్బో! సరిగ్గా పట్టె గదా!” దస్తగిరమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది. “అయితే ఇంగ రెండో సీటు నాదే.”

పీరమ్మ నవ్వుతుందని మదార్ సాహెబు ఆశపడ్డాడు. ఆమె నవ్వలేదు. కుడి పక్క బండ అంచు మీద అరచెయ్యి పెట్టి, ఎడమ పక్క బండ అంచు దాకా ఒళ్ళో జానలు వేసి కొలుచుకుంది. తర్వాత చెయ్యి చాపింది.

“ఫోనియ్. ఫారూఖుకి చెప్తా, తీసేయమని.”

అప్పుడు తట్టింది ఆయనకు.

“ఇప్పుడేమిలే... కారులో పోతా పోతా చెప్పొచ్చు...”

“ఇప్పుడే చెప్పాలన్న్యాడు గదా. ఇయ్యి.”

ఇచ్చాడు. ఫోను అవతల మోగుతోంది. మదార్ సాహెబు కళ్ళ ముందు తను ఎప్పుడూ చూడని విమానం వచ్చి నిలబడింది. దిగని చేతిపిడి. “అమ్మా, మీరు కొంచెం కిందికి దిగండి” అనే గొంతు. తలలు తిప్పి చూసే జనం. పీరమ్మ వెనక్కి తిరిగి చూస్తుంది. ఈసారి రెండు వరసల వెనక కూడా మొగుడు ఉండడు.

“చెప్పండత్తా. తీసేయమంటారా?” ఫారూఖ్ గొంతు.

పీరమ్మ ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. చూపు మాత్రం మొగుడి మీదే ఉంది. “నాయనా, ఆ రెండో సీటు...” అని ఆగింది.

“ఇరవై నాలుగు!” అన్నాడు మదార్ సాహెబు.

“ఏంది మామా?”

“ఇరవై నాలుగు అంగుళాలు పెట్టినా నాయనా. పద్దెనిమిది కాదు. తీసెయ్యొద్దు. రెండూ ఉండనీ.” ఆయన ఆ మాటలు ఫోనుకే చెప్పాడు. ఆమె ముఖం చూసి చెప్పే ధైర్యం లేకపోయింది.

“నాయనా, మళ్ళీ చేస్తా” అని పీరమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

అరుపులు వస్తాయని ఆయన భుజాలు ముడుచుకుని నిలబడ్డాడు. అరుపులు రాలేదు.

“తెలుసు” అంది పీరమ్మ. “అడుగున్నర బండ ఎంతుంటాదో నాకి తెల్దనుకున్నావా? ఈ ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో నెత్తిన పెట్టుకోని లారీకి ఎత్తింది ఎవురు? కూచున్నప్పుడే తెలిసిపాయె.”

“మరి ఫోను యాల చేసినావు?”

“నువ్వు చెప్తావా, మళ్ళీ ఊరుకుంటావా అని చూసినా.”

మదార్ సాహెబుకు కాస్త ప్రాణం లేచొచ్చింది. ఇంత జరిగినా చెప్పానుగదా అనుకున్నాడు. “చెప్పినా గదా మ్మే. లెయ్ ఇంగ. కారొచ్చే యాళైంది.”

పీరమ్మ లేవలేదు.

“ఇంకోటి చెప్పు. చెప్తే లేస్తా” అంది. “ఆ పొద్దు బస్సులో ఎందుకు నవ్వినావు?”

ఎండ చుర్రుమంటోంది. మదార్ సాహెబు చుట్టూ చూశాడు. “అక్కా, నువ్వు లోపలికి పో.”

“ఉండనీ. ఆ పొద్దు బస్సంతా ఉన్నింది.”

“అందరూ నవ్వుతాంటే...”

“అందరి సంగతి నేనడగల్యా.”

వీధిలో కారు వచ్చి ఆగిన చప్పుడైంది. హారన్ మోగింది. ఓర్వకల్లు దాకా పోవాలి. ఇప్పుడు కదలకపోతే విమానం అందదు. విమానం అందకపోతే రేపు పొద్దుటికి ఏ రైలూ ఆమెను విశాఖపట్నం చేర్చలేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. పీరమ్మ రెండు చేతులూ రెండు దొంతుల మీద పెట్టుకుని కూర్చుంది, కదిలే ఉద్దేశమే లేనట్టు.

“ఏదో ఒకటి చెప్పరా నాయనా” అంది దస్తగిరమ్మ.

ఏదో ఒకటి చెప్పడం ఆయనకు వచ్చు. ఇన్నాళ్ళూ చేసింది అదే. ఈసారి నోటికి ఒక్క అబద్ధమూ రాలేదు.

“నవ్వకపోతే...” అన్నాడు. “నేను నీ మొగుణ్ణని బస్సులో వాళ్ళకు తెలిసిపోతాదని నవ్వినా.”

“యా అల్లా” అంది దస్తగిరమ్మ. చంకలో సంచి జారి కింద పడినా తీసుకోలేదు.

పీరమ్మ బురద నేల వైపు చూసింది. కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకోవడానికి ఏమీ లేదు.

“కండక్టరు నన్ను చూసి అనల్యా ఆ మాట” అంది. “నా పక్క సీట్లో తువ్వాలు చూసి అన్న్యాడు. ఎవురికమ్మా ఈ సీటు, రెండు టికెట్లు కొట్టాల్నా అని. ఆ తువ్వాలు నీదే. నీ కోసరం ఆపినా. నువ్వొచ్చి కూచుంటావని వెనక్కి తిరిగి చూసినా.”

ఇన్నేళ్ళూ ఆ చూపులో కోపం ఉందనే అనుకున్నాడు మదార్ సాహెబు.

“ఈ తూరి కూడా రెండోది నీకే అనుకున్న్యా” అంది పీరమ్మ.

ఆయన చెయ్యి చాపాడు, లేపడానికి. ఆమె ఆ చేతిని చూసింది గానీ పట్టుకోలేదు.

ఇంట్లోంచి చెప్పుల చప్పుడు దగ్గరైంది. కారు డ్రైవరు సోమన్న పెట్టె ఎత్తుకుని వెనక వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. బండల నడుమ కూర్చున్న మనిషినీ, చెయ్యి చాపిన మనిషినీ వింతగా చూశాడు.

“టైమైపోతాంది మదారన్నా” అన్నాడు. “బయల్దేరేది ఒక్కరేనా, ఇద్దరా?”

మదార్ సాహెబు పీరమ్మ వైపు చూశాడు. ఆమె ఇంకా లేవలేదు.